ఒక్క లెక్క తెలిసిన గుండ్ల మిషను

ఆంధ్ర రాజధానికి కర్నూలు నుంచి హైదరాబాదుకు మూడేళ్లకే బదిలీ అయింది. నాకు రాళ్ళపెంట నుంచి మార్కాపురం రోడ్డు స్టేషనుకు తొమ్మిదేళ్లయినా కాలేదు. రాజధాని ఏ నమూనాలో అర్జీ పెట్టుకుందో తెలిస్తే నేనూ ఆ నమూనాలోనే పెట్టుకునేవాణ్ణి. తెలియక నలభై ఒక్క అర్జీలు నా సొంత నమూనాలో పెట్టాను. బదిలీ అడిగిన వాడికి బదులైనా రాలేదు.

రాళ్ళపెంట గిద్దలూరు దాటాక నల్లమల కనుమలో ఉన్న చిన్న స్టేషను. పెంట అంటే చెంచుల మాటలో గూడెం. మన మాటలో ఏమిటో మీకు తెలుసు. తొమ్మిదేళ్లలో నాకు రెండర్థాలూ అనుభవానికి వచ్చాయి. ఒక ఆఫీసు గది, ఒక క్వార్టరు, రెండు లైన్లు, మిగిలిందంతా రాళ్లు. తాగే నీళ్లు గిద్దలూరు నుంచి బండిలో రావాలి. పై అధికారి గట్టిగా అడిగితే లోకంలో అందరూ నీళ్లు నములుతారు. నాకు ఆ సౌకర్యం కూడా లేదు.

మా నాయనకు మార్కాపురంలో పలకల దుకాణం. వచ్చి అంగట్లో కూర్చోరా రామలింగం అన్నాడు. ఎస్సెల్సీ పట్టా పుచ్చుకున్నవాణ్ణి పలకలు అమ్మడమేమిటని పట్టాల మీదికి వచ్చాను. స్టేషనుకు మాస్టరుగా చేరాను అనుకున్నాను. ఎవరికి ఎవరు మాస్టరో వారంలో తెలిసిపోయింది.

అసలు మాస్టరు గుండ్ల మిషను. నా బల్ల పక్కన మనిషి నడుమెత్తున నిలబడిన ఎర్రరంగు ఇనుప పెట్టె. దానికో పిడి, ఒక సూది, ఒక గంట. కడుపులో బత్తాయంత ఇనుప గుండ్లు. ఇలాంటి పెట్టే పక్క స్టేషను బోడిమెట్టలో ఇంకొకటి. రెంటినీ ఒక తీగ కలుపుతుంది. బోడిమెట్టకు బండి పంపాలంటే అక్కడి మాస్టరు అక్కడ పిడి తిప్పి సరేననాలి, నేనిక్కడ పిడి తిప్పాలి. అప్పుడు నా పెట్టె ఒక గుండును కక్కుతుంది. దాన్ని తోలు సంచిలో వేసి డ్రైవరుకు అందిస్తే అదే అతనికి దారి హక్కు. ఆ గుండు బోడిమెట్ట పెట్టెలోనో, తిరిగి నా పెట్టెలోనో పడేదాకా రెండు పెట్టెల్లో ఏదీ ఇంకో గుండును ఇవ్వదు. ఒంటిలైను మీద రెండు బండ్లు ముద్దు పెట్టుకోకుండా చేసిన ఏర్పాటు ఇంతే. నేను సరే, వాడు సరే, బయట గుండు లేదు. మూడూ కలిస్తేనే ఔను. ఒక్కటి తప్పినా కాదు. బతిమాలితే వినదు, తంతే వినదు. తన్ని చూశాను. నా కాలే విన్నది.

విశాలాంధ్ర ఏర్పడ్డ మరుసటి ఎండాకాలం, నలభై రెండో అర్జీకి సిరా బుడ్డి మూత తీస్తుండగా ఆర్డరు వచ్చింది. మార్కాపురం రోడ్డు. గురువారం పొద్దుటి పాసింజరులో చంద్రశేఖరరావు అనే కొత్త మాస్టరు నంద్యాల వైపు నుంచి దిగుతాడు. అతనికి చార్జి అప్పజెప్పి నేను అదే బండి ఎక్కాలి. వారంలోగా చేరకపోతే ఆర్డరు రద్దు; ఆ కుర్చీ కోసం ఇంకొకాయన తువ్వాలు దులుపుకుని సిద్ధంగా ఉన్నాడట. నా భార్య హైమావతి ఆ పూటే పెట్టెలు సర్దడం మొదలుపెట్టింది. ఆర్డరును నాలుగుసార్లు చదివి, కింద సంతకం నిజమైనదేనా అని వెలుగుకు పట్టి చూసి మరీ మొదలుపెట్టింది.

సోమవారం పొద్దున గూడ్సుకు గుండు ఇచ్చాం. అరగంటకు బోడిమెట్ట మాస్టరు శ్రీరాములు ఫోను చేశాడు.

"రామలింగయ్యా, బండి వచ్చింది. సంచి వచ్చింది. గుండు రాలే."

"సరిగ్గా చూడబ్బా."

"సంచిలోకి చెయ్యి పెట్టి చూసినా. అడుగు నుంచి నా చెయ్యే బయటికొచ్చింది."

ఆ సంచి కుట్లు ఊడి మూడు నెలలైంది. పట్టాలు మార్చే మా పాయింట్సుమన్ చెన్నయ్య దానికి పురికొస చుట్టి నెట్టుకొస్తున్నాడు. కొత్త సంచి కావాలని రాయవలసిన కాగితం మీద నేను నలభై ఒకటో అర్జీ రాశాను. కాగితాలు లెక్క ప్రకారం వచ్చే స్టేషను కదా.

గుండు పోతే గుండె పోయినట్టే. చార్జి అప్పజెప్పేటప్పుడు నా పెట్టెలోవి, బోడిమెట్టవి కలిపి ముప్ఫై ఆరు గుండ్లు తేలాలి. తేలకపోతే చార్జి లేదు, చార్జిషీటు ఉంటుంది. ఈలోగా మిషను బిగుసుకుని కూర్చుంది. గుండు ఇంకా దారిలోనే ఉందని దాని నమ్మకం. ఒక రకంగా నిజమే. దారిలోనే ఎక్కడో ఉంది.

ఇక బండి బండికీ ఫోనులో శ్రీరాములును పట్టుకుని, అంకెలు చెప్పి, అంకెలు చెప్పించుకుని, చేత్తో చీటీ రాసి డ్రైవరుకు ఇవ్వాలి. ఒక ఇనుప పెట్టె చప్పుడు చేయకుండా చేసే పనిని ఇద్దరు మగాళ్లం అరుచుకుంటూ రోజంతా చేశాం. సాయంత్రానికి చేతివేళ్లు నావి కావనిపించింది.

మంగళవారం పొద్దున సిగ్నలు ఇన్‌స్పెక్టరు ఏబేలు సామాన్ల సంచితో దిగాడు. కంభం మనిషి. నన్ను అన్నా అంటాడు. ఇంగ్లీషు పుస్తకాలు తెప్పించుకుని చదివే అలవాటుంది, అడక్కపోయినా చెప్పే అలవాటు అంతకంటే ఎక్కువ. పెట్టె తలుపు తీసి లోపలి తీగచుట్టలను, వాటి ముందు వేలాడే ఇనుప నాలుకలను చూపించాడు.

"ఇది కూడా లెక్కల మిషనేనన్నా. ఇంగ్లండులో, అమెరికాలో ఇట్లాంటి రిలేలు వేలకు వేలు గదినిండా బిగించి కూడికలు, గుణింతాలు చేయించినారంట. నాలుక అతుక్కుంటే ఔను, ఊడితే కాదు. అంత పెద్ద పెద్ద లెక్కలన్నీ ఆ రెండు ముక్కల్లోంచే పుడతాయంట."

"మా పై ఆఫీసులో 'కాదు' ఒక్కటే ఉంది. సగం మిషనుతోనే ఇంత రైల్వే నడిపిస్తున్నారు, వాళ్లు గొప్పవాళ్లు. మరి దీనికి కూడికలు రావేం?"

"దీనికి ఒక్క లెక్కే నేర్పినారు. గుండు బయటికి పోయిందా, తిరిగొచ్చిందా. అది మాత్రం చచ్చినా మరిచిపోదు."

"దాన్ని మరిపించే మందు నీ సంచిలో లేదా?"

"ఉంది. సీలు తీసి నాలుకను నా చేత్తో వెనక్కి తోస్తా, కొత్త గుండు తెప్పిస్తా. కానీ తోస్తే రాయాల. రాస్తే విచారణ. విచారణ ముగిసేదాకా నువ్వు ఈ స్టేషను నుంచి కదిలేది లేదు."

"ఎన్నాళ్లు పడుతుంది?"

"తొందరగా అయితే రెండేళ్లు."

నేను బల్ల మీద తల ఆనించాను. ఆ బల్ల నా తలకు అలవాటే.

"కమ్మరి దగ్గర అచ్చం ఇట్లాంటిదే ఒకటి కొట్టిస్తే?" అన్నాను తల ఎత్తకుండానే.

"కొట్టించు. దానికి దొంగ గుండూ గుండే. మింగి ఊరుకుంటది. రేపు అసలు గుండు ఎవడికో దొరికి, వాడు తెచ్చి ఎవడో డ్రైవరు చేతిలో పెడితే? ఒకే లైను మీదికి ఎదురెదురుగా రెండు బండ్లు. దానికి అబద్ధం కనిపెట్టేది తెలీదన్నా. అందుకే మనం చెప్పకూడదు."

అతను తలుపు మూసి, సామాన్లు సర్దుకున్నాడు.

"గురువారం పాసింజరుకు మళ్లీ వస్తా. గుండు కడుపులో ఉంటే మిషను మొరాయించిందని రాస్తా. లేకుంటే లేదని రాస్తా. ఇంతకంటే నా చేత కాదు."

అతని బండిని పంపి, నేనూ చెన్నయ్యా పట్టాలు పట్టుకుని నడిచాం. చెరో పక్క చూపు, చెరో కర్ర. మా లైనుకు బోడిమెట్ట లోపల దాటే వంకలు రెండే. ఆలస్యానికి చెప్పే వంకలు ఇరవై. మొదటి వంక దాటి, రెండున్నర మైళ్లు పోయాక పెద్ద వంపు వస్తుంది. ఇటూ అటూ నిలువు బండలు. అక్కడ పట్టా పక్కన పన్నెండు రాళ్లు వరసగా పాతి పసుపు పూసి ఉన్నాయి. పదమూడోది నల్లగా, గుండ్రంగా, నిగనిగలాడుతూ ఉంది. దానికి పసుపుతో పాటు కుంకుమ బొట్టు, వేపరెమ్మ అదనం.

చెన్నయ్య చెప్పులు విడిచాడు. నాకు మాత్రం దాని నడుమ చెక్కిన నంబరు కనబడింది.

పక్కన బండ నీడలో చెంచమ్మ కూర్చుని ఉంది. కొమరోలు వైపు గొల్లల పెద్దామె. ఎండాకాలంలో జీవాలను తోలుకొచ్చి ఈ గట్టు మీద మంద పెడుతుంది. ఆ పన్నెండు రాళ్ల సంగతి నాకు తెలుసు. పోయిన కార్తీకంలో ఈ వంపు దగ్గర గూడ్సు బండి ఆమె గొర్రెలను పన్నెండింటిని కొట్టింది. జీవం పోయిన చోట రాయి నిలపడం వాళ్లింటి ఆనవాయితీ. మర్నాడు ఆమె స్టేషనుకు వచ్చి చెప్పుకుంది. పైకి రాస్తానవ్వా అన్నాను. రాయలేదు.

"అత్తా, అది మా టేసను గుండు" అన్నాడు చెన్నయ్య.

"తెలుసులే అల్లుడా. బండి నుంచి పడేది నేను చూస్తానే ఉంటి."

"తెలిసి తెలిసి దేవుణ్ణి చేసినావేంది?"

"నేను చేసిందేంది? పన్నెండు పాతింది నేను. పదమూడోది దానంతటదే వచ్చి నిలబడె. ఇంత అడివి ఉండాది. వంకలో పడొచ్చు, బండల్లో పడొచ్చు. సక్కగా దొర్లుకుంటా నా జీవాల కాడికే వచ్చె. ఏడు నెలలకు మీ రైలుకు నా తట్టు చూడాలనిపించింది." ఆమె నా వైపు తిరిగింది. "ఏం శెట్టీ, రాస్తానంటివే. రాసినావా?"

తొమ్మిదేళ్ల సర్వీసులో అబద్ధం నా నాలుక మీద ఎప్పుడూ తయారుగా ఉండేది. ఆ పూట ఎండకో, నడకకో అది కూడా అలిసిపోయి ఉంది.

"రాయలేదవ్వా."

"ఏం?"

"రాస్తే విచారణ వస్తుంది. విచారణ వస్తే నా బదిలీ ఆగిపోతుంది."

"బదిలీ అంటే?"

"ఇక్కణ్ణుంచి పోవడం."

"ఓ, అదా. నా జీవాలు నీకంటే ముందే పోయినాయిలే."

చెన్నయ్య నవ్వబోయి ఆపుకున్నాడు.

"గుండు ఇయ్యవా అత్తా? అయ్యగారు గురువారం పోవాల. అది లేకుంటే పోనీరు."

"గుండు నాకెందుకురా, ఉడకబెట్టుకుంటానా? ఈ వంపు కాడ కూత పెట్టమను. ఇటు బండ, అటు బండ. బండి నెత్తిన పడేదాకా ఇనపడదు. కూత ఇంటే జీవాలు వాటంతటవే పక్కకు పోతాయి. నాకు దుడ్లు వద్దు, కాగితం వద్దు. నా చెవులతో కూత వింటే గుండు మీది."

ఆమె సరే అనాలి, నేను సరే అనాలి, కూత వినబడాలి. మూడూ కలిస్తే గుండు. బడి మొహం చూడని మనిషి ఏబేలు మిషనునే నా ముందు బిగించి కూర్చుంది.

స్టేషనుకు రాగానే కాషన్ చీటీల పుస్తకం తీశాను. దారిలో ఏదైనా ప్రమాదముంటే మాస్టరు డ్రైవరుకు రాసిచ్చే జాగ్రత్త చీటీ అది. 'వంపు వద్ద పట్టాల మీదికి పశువులు వచ్చును. విడవకుండా కూత వేయవలెను' అని రాశాను. శ్రీరాములుకు ఫోను చేసి, అటు నుంచి వచ్చే బండ్లకూ అదే రాయమన్నాను.

"కారణమేమని రాయాలబ్బా?" అన్నాడు.

"నా మొహం చూసి రాయి."

"నీ మొహం ఫోనులో కనపడదు కదా, అందుకే రాస్తున్నా."

మంగళవారం సాయంత్రం పాసింజరు కూసింది. బుధవారం పొద్దుటిది కూసింది. మధ్యాహ్నం గూడ్సు డ్రైవరు, ఎవరి మీద కోపమో, వంపు మొదటి నుంచి చివరి దాకా కూత తాడు వదల్లేదు. నాలుగు గంటలకు చెంచమ్మ కొంగులో గుండు మూటగట్టుకుని రెండున్నర మైళ్లు నడిచి వచ్చింది. హైమావతి మజ్జిగ ఇస్తే గుమ్మంలో కూర్చుని తాగింది.

"కడిగినా. పసుపు పోలేదు" అంటూ గుండు నా చేతిలో పెట్టింది.

శ్రీరాములును ఫోనులోకి పిలిచాను. గుండును పెట్టె నోట్లో వేశాను. అది లోపల ఎక్కడో మెట్లు దిగినట్టు డొక్కు డొక్కుమని దిగింది. అక్కడ వాడు, ఇక్కడ నేను పిడి తిప్పాం. గంట మోగింది. మూడు రోజులుగా ఒక పక్కకు మెడ పట్టేసిన సూది మధ్యకు వచ్చి నిలబడింది. నేను స్టూలు మీద కూలబడ్డాను. సంతోషం వస్తుందేమోనని చూశాను. నిద్ర వచ్చింది.

"ఇంతేనా?" అంది చెంచమ్మ.

"ఇంతే."

"దీనికి మొక్కుతారా మీరు?"

"రోజుకు ఆరుసార్లు."

ఆమె లేచి కొంగు దులుపుకుంది. "మంచిది నాయనా. గట్టు మీద మేత అయిపోయింది. ఇంక కూత వేస్తారు గదా, రేపట్నుంచి జీవాలను ఆ వంపు దాటించి అవతలికి తోలతా. పోయినేడు ఈనిన పిల్లలు కూడా ఉండాయి" అంది. ఇంకేమీ అడగలేదు. నేను పోతున్నానని ఆమెకు తెలుసు. నేను పోతే కూత కూడా పోతుందని ఆమెకు తోచలేదు. నాకు తోచింది. తోచినా, అలిసిపోయాను కదా అని దాన్ని పక్కన పెట్టాను.

గురువారం పొద్దుటి పాసింజరు వంపు దగ్గర కూత వేసుకుంటూ వచ్చి ఆగింది. చంద్రశేఖరరావు దిగాడు. ఇస్త్రీ మడతలు చెదరని మనిషి, ముప్ఫై అయిదేళ్లుంటాయి. వెనకే ఏబేలు. మిషను చూసి, సూది చూసి, నా మొహం చూసి, "మొరాయించిందన్నా, అంతే" అని కాగితం రాసుకున్నాడు. నా పెట్టెలో పంతొమ్మిది, బోడిమెట్టలో పదిహేడు. ముప్ఫై ఆరు తేలాయి. గిద్దలూరు వైపు నుంచి గూడ్సు వచ్చేదాకా పాసింజరు మా దగ్గరే ఆగాలి. చెన్నయ్య మా పెట్టెలన్నీ ఎక్కించాడు. హైమావతి కిటికీ పక్కన కూర్చుని, లేచి చూసి, ఇసక తుడిచి మళ్లీ కూర్చుంది.

చార్జి పుస్తకంలో సంతకానికి కలం విప్పిన చంద్రశేఖరరావు కాషన్ చీటీల పుస్తకం తిరగేస్తూ ఆగాడు.

"ఈ చీటీలు ఏ అధికారం మీద ఇస్తున్నారండీ?"

"నా అధికారం మీద."

"అది ఇంకో పావుగంటే కదా మాస్టారూ."

"తర్వాత మీరివ్వండి."

"ఇస్తాను. కారణం ఏమని రాయను?"

"అక్కడ గొర్రెలు పడ్డాయి. పన్నెండు."

"ఎప్పుడు?"

"పోయిన కార్తీకంలో."

అతను ప్రమాదాల రిజిస్టరు తీసి నెమ్మదిగా పేజీలు తిప్పాడు. చులకన లేదు అతని మొహంలో. అదే నాకు కష్టమైంది.

"ఇందులో లేవే."

"లేవు."

"పుస్తకంలో పడని గొర్రె పట్టా మీద కూడా పడలేదండీ. కారణం లేకుండా బండి బండికీ చీటీ ఇస్తే నన్ను అడుగుతారు. నాకు ముగ్గురు పిల్లలు. నేనివ్వలేను."

"పుస్తకంలో ఉంటే?"

"ఉంటే ఇవ్వక తప్పదు. ఇంజనీరింగు వాళ్లు వచ్చి ఆ వంపు దగ్గర కూత బోర్డు పాతేదాకా ఆపే హక్కు ఎవరికీ ఉండదు." అతను కలం మూత పెట్టాడు. "కానీ ఏడు నెలలు దాచిన ప్రమాదం ఇవాళ రాస్తే అది నేరుగా విచారణకు పోతుంది. అప్పుడు నేను మీ దగ్గర చార్జి తీసుకోకూడదు. మీ ఇష్టం."

ఏబేలు నన్ను రెక్క పట్టుకుని వరండాలోకి లాక్కొచ్చాడు.

"అన్నా, బండెక్కు. డ్రైవర్లకు నేను చెప్తాలే కూత సంగతి."

"ఎన్నాళ్లు చెప్తావు?"

"గుర్తున్నన్నాళ్లు చెప్తా."

"నాకూ ఏడు నెలలు గుర్తుందిరా. గుర్తుండి ఏం చేశాను?"

"నీకు ఎండదెబ్బ తగిలింది. మార్కాపురం రోడ్డన్నా! బావి నీళ్లు! మీ నాయన అంగడి పక్కనే!"

"తెలుసు."

గిద్దలూరు నుంచి గూడ్సు వస్తున్నట్టు గంట కొట్టింది. అది వచ్చి ఆగితే పాసింజరు కదులుతుంది. గూడ్సు బోడిమెట్టకు పోతుంది, వంపు మీదుగా, చీటీ లేకుండా. ఈ పాటికి చెంచమ్మ మందను వంపు దగ్గరికి తోలుకొచ్చి ఉంటుంది. కూత వినబడలేదు కనుక బండి రావడం లేదని ఆమె చెవులు ఆమెకు చెబుతాయి. నిన్నటి దాకా ఆ చెవులకు ఆ భరోసా లేదు. ఇచ్చింది నేను.

లోపలికి పోయి రిజిస్టరు ముందుకు లాక్కున్నాను. తేదీ, మైలు, బండి, గొర్రెలు పన్నెండు, యజమాని చెంచమ్మ. అన్నీ చకచకా వచ్చాయి, ఎప్పుడో రాసిపెట్టుకున్నట్టు. చివరి గడి 'ఆలస్యానికి కారణం'. నా జీవితమంతా ఆ గడిలోనే గడిచింది. ఎండ, వాన, బొగ్గు, బోగీ, ఎన్ని రాశానో. ఆ పూట ఏదీ తట్టలేదు. 'నేను రాయలేదు' అని రాసి సంతకం పెట్టాను.

చంద్రశేఖరరావు చదివాడు. చార్జి పుస్తకం మూసి నా వైపు జరిపాడు.

"గిద్దలూరు నుంచి తంతి కొడతానండీ, చార్జి తీసుకోలేదని" అన్నాడు. తర్వాత తన సంచి తీసుకుని వెళ్లి, దిగిన రైలు పెట్టెలోనే ఎక్కి కూర్చున్నాడు. ఏబేలు మా సామాన్లు దించడానికి చెన్నయ్యకు సాయం పట్టాడు, ఒక్కో పెట్టెనూ అవసరానికి మించిన చప్పుడుతో దించుతూ.

గూడ్సు వచ్చి ఆగింది. శ్రీరాములు అక్కడ, నేనిక్కడ పిడి తిప్పాం. పసుపు మరకల గుండే వచ్చింది. కొత్త పురికొస చుట్టిన సంచిలో దాన్ని వేసి, చీటీ జతచేసి డ్రైవరుకు అందించాను. చీటీలో కారణం గడి నిండుగా ఉంది. ముందు పాసింజరు తూర్పుకు పోయింది, ఏబేలును, ఇస్త్రీ మడతలను తీసుకుని. తర్వాత గూడ్సు పడమరకు.

ప్లాట్‌ఫారం మీద హైమావతి ట్రంకు పెట్టె మీద కూర్చుని ఉంది. నేను దగ్గరికి వెళ్లాను.

"ఎన్నాళ్లంట?" అంది.

"రెండేళ్లంటున్నాడు ఏబేలు. తొందరగా అయితే."

"గొర్రెలెన్ని?"

"పన్నెండు."

"నలభై ఒక్క అర్జీలూ రాసినప్పుడల్లా నాకు చదివి వినిపించినారు. ఇది మాత్రం నా చెవిన వెయ్యలేదే."

ఎండ ప్లాట్‌ఫారం సగం దాకా వచ్చింది. చెన్నయ్య రెండు పెట్టెలు నెత్తికెత్తుకుని క్వార్టరు వైపు నడుస్తున్నాడు. వంపు వైపు నుంచి గూడ్సు కూత మొదలై, బండల మధ్య తిరిగి తిరిగి, చాలాసేపటికి గానీ ఆగలేదు. హైమావతి అది ఆగేదాకా అటే చూసింది. తర్వాత మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచింది.

"రండి. బియ్యం ఏ పెట్టెలో కట్టినానో నాకు గుర్తులేదు. అన్నీ విప్పాల."

అన్నీ విప్పాం. ఏడో పెట్టెలో ఉన్నాయి, పక్క బట్టల అడుగున.